మీటరుకు తాళం

కరెంటు వాడేది ఒకరు, మీటరు చూసేది ఇంకొకరు, డబ్బు కట్టేది మాత్రం వాడినవాళ్లే. హైదరాబాదులో అద్దె ఇళ్లలో ఉండే పిల్లల్ని ఎవరినైనా పట్టుకుని "మీ మీటరు ఎక్కడుంది బాబూ?" అని అడగండి. "సెల్లార్లో ఎక్కడో ఉంటుంది అంకుల్" అంటారు. పోయిన నెల ఎన్ని యూనిట్లు కాలాయంటే తెలియదు. సర్వీసు ఎవరి పేరు మీద ఉందో తెలియదు. ఎంత పంపారో మాత్రం ఫోన్లో వెతికి చెబుతారు. అందరూ చదువుకున్నవాళ్లు, ఆఫీసుల్లో లక్షల లెక్కలు చూసేవాళ్లు. తమ ఇంటి కరెంటు లెక్క మాత్రం వాళ్ల చేతిలో లేదు.

మా రోజుల్లో ఇలా లేదు. ఈ మాట ముసలివాళ్లకు ఊతపదమని మీరు అనుకుంటే అనుకోండి. అన్నిట్లోనూ మా కాలమే గొప్పదని నేను అనను. మీటరు విషయంలో మాత్రం అదే నయం.

1970లలో నల్లకుంటలో మేమున్న పెంకుటింట్లో నాలుగు వాటాలు. ఇంటాయన రిటైరైన బడి పంతులు, అందరికీ మాస్టారే. వీధి తలుపు తీయగానే వసారా, వసారా గోడకు చెక్క బోర్డు, బోర్డు మీద కరెంటోళ్ల మెయిన్ మీటరు. దాని కింద వరసగా నాలుగు సబ్ మీటర్లు, పక్కన పింగాణీ ఫ్యూజులు. మీటరంటే నల్లటి డబ్బా, ముందు చిన్న గాజు కిటికీ, లోపల అడ్డంగా తిరిగే అల్యూమినియం చక్రం. చక్రం అంచున ఒకచోట రంగు గీత. ఆ గీత ఎన్ని చుట్లు తిరిగితే ఒక యూనిట్టో మీటరు ముఖం మీదే రాసి ఉండేది. ఇస్త్రీపెట్టె పెడితే చక్రం గిర్రున తిరిగేది. జీరో బల్బు ఒక్కటే వెలుగుతుంటే కదులుతోందా లేదా అన్నట్టు పాకేది. పిల్లలు పీట వేసుకుని ఎక్కి చూసేవాళ్లు. కరెంటు ఖర్చవడమంటే ఏమిటో ఐదో తరగతి పిల్లాడికి కూడా కళ్లకు కట్టినట్టు తెలిసేది.

రీడింగు తీసే మనిషి సైకిలు మీద వచ్చేవాడు, చంకలో లావుపాటి రిజిస్టరు. అంకెలు పైకి చదివి, రిజిస్టర్లో ఎక్కించుకుని, మీటరు పక్కన వేలాడే కార్డు మీద కూడా వేసి పొట్టి సంతకం గిలికి వెళ్లేవాడు. ఆ కార్డు అక్కడే ఉండేది. పోయిన వేసవిలో ఎంత కాలింది, ఈ వేసవిలో ఎంత కాలింది అని దారిన పోయేవాడు కూడా చూసి చెప్పవచ్చు.

బిల్లొచ్చిన రోజు సాయంత్రం మాస్టారు కళ్లజోడు సవరించుకుని స్టూలెక్కి నాలుగు సబ్ మీటర్లూ చదివేవారు. కింద ఎవరి వాటా అంకె వాళ్లు కాగితం మీద వేసుకునేవాళ్లు. నాలుగూ కూడితే మెయిన్ లెక్కకు కొద్దిగా తగ్గేది. వసారా దీపం, దొడ్డి దీపం తిన్నది అది. దాన్ని నాలుగు భాగాలు చేసేవారు. వెనక వాటా ఆవిడకు మాస్టారి మీద కూడా గురి లేదు, తన నోటుపుస్తకంలో వేరే రాసుకునేది. ఆయన ఏమీ అనుకునేవారు కాదు. "చూసుకోమ్మా, నువ్వు చూసుకుంటే రేపు నాకు మాట రాదు" అనేవారు. ఒకసారి ముందు వాటాలో కొత్తగా దిగిన దంపతులు ఎవరికీ చెప్పకుండా కాయిల్ స్టవ్ మీద వంట మొదలుపెట్టారు. వాళ్ల సబ్ మీటరే ఆ సంగతి బయటపెట్టింది. వాళ్లే కట్టుకున్నారు, మిగతా ముగ్గురి మీదా పైసా పడలేదు.

ఇంటివాళ్లందరూ మాస్టారి లాంటివాళ్లని చెప్పడం లేదు. రాత్రి తొమ్మిదింటికి మెయిన్ కట్టేసే ఇంటివాళ్లను చూశాను. బల్బుకు ఇంతని అద్దెలో కలిపి తీసుకుంటూ, నలభై బల్బు తీసి అరవై పెట్టావని గుమ్మంలో నిలబడి కేకలేసిన ఆవిడనూ చూశాను. పరీక్షలకు వీధి దీపం కింద చదివిన కుర్రాళ్లు మా సందులోనే ఉన్నారు. పెత్తనం అప్పుడూ ఉంది. అయితే పెత్తనం చేసే మనిషి గుమ్మంలో ఉండేవాడు, మీటరు ఆ మనిషి నెత్తి మీదే ఉండేది. తగువు పెట్టుకోవాలన్నా వేలు పెట్టి చూపించడానికి ఒక అంకె ఉండేది.

ఇప్పుడు ఆ అంకెకు తాళం పడింది.

మా చెల్లెలి మనవరాలు కొండాపూర్లో ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి ఫ్లాటులో ఉంటోంది. ఓనరు అమెరికాలో ఉంటారు. ఇక్కడ వ్యవహారాలు చూసేందుకు ఒక మేనేజరు. నెల మొదట్లో వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది, "రెంట్ ప్లస్ కరెంట్" అని, పక్కన అంకె. బిల్లు ఉండదు, యూనిట్లు ఉండవు, రీడింగు ఉండదు. ఒక నెల కరెంటుకే 3,840 రూపాయలని వచ్చింది. ఆ నెలలో వీళ్లు సగం రోజులు ఊళ్లో లేరు. బిల్లు పంపమంటే "పంపుతా" అన్నాడు, పంపలేదు. మీటరు ఫొటో తీసుకుంటామంటే "సెల్లార్లో ప్యానెల్ రూముకు తాళం ఉంటుంది మేడం, సేఫ్టీ" అన్నాడు.

నేను వెళ్లాను. సెల్లారు చివర, జనరేటరు పక్కన, ఇనప గ్రిల్లు. గ్రిల్లు వెనక గోడ నిండా మీటర్లు, ఒక్కోదాని మీద ఎర్ర చుక్క మిణుకు మిణుకుమంటోంది. ఫ్లాటు నంబర్లు పెయింటుతో వేశారు, సగం చెరిగిపోయాయి. ఫోను లైటు వేసి చూశాను, కనబడదు. వాచ్‌మన్‌ని పిలిచి తాళం తియ్యమన్నాను. "తాళంచెవి మేనేజర్ సార్ దగ్గరుంది తాతా. రీడింగ్ తీసేటాయన వచ్చిన రోజు కూడా ఆయనొస్తేనే తీస్తరు. నన్ను తిట్టకుండ్రి" అన్నాడు. అతన్ని తిట్టి ఏం లాభం? నెలకు ఇంతని జీతం తీసుకుని మెట్ల కింద గదిలో సంసారం చేసేవాడు. అతని గదికి కూడా మీటరు లేదు.

చివరికి పాత అద్దెదారులు వంటింటి అలమరలో పరిచి వదిలేసిన కాగితాల్లో ఆ ఫ్లాటు పాత బిల్లు ఒకటి దొరికింది. దాని మీద యూఎస్‌సీ నంబరు, అంటే ఆ కనెక్షను నంబరు, ఉంది. ఆ నంబరు కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) యాప్‌లో కొడితే నెలనెలా లెక్క అంతా వచ్చింది. 3,840 అడిగిన నెలకు అసలు బిల్లు రెండు వేల ఆరువందల చిల్లర. తేడా ఏమిటని మేనేజరును అడిగితే "లిఫ్టు, బోరు మోటారు, మెట్ల లైట్లు" అన్నాడు. వాటికని మెయింటెనెన్సు వేరే కడుతూనే ఉన్నారు. గట్టిగా అడిగితే తర్వాతి నెల నుంచి అసలు బిల్లు పంపడం మొదలుపెట్టాడు. వెనకటి నెలల్లో ఎక్కువ తీసుకున్నది తిరిగి ఇవ్వలేదు. ఇల్లు ఖాళీ చెయ్యమంటారేమోనన్న భయంతో పిల్లలు అంతటితో ఊరుకున్నారు. ఉద్యోగం చేసుకునే ముగ్గురు ఆడపిల్లలు, తాము వాడిన కరెంటు లెక్క అడగడానికి భయపడే ఊరైంది ఇది.

ఈ పిల్లలకైనా విడి మీటరుంది. ఒకే మీటరు మీద మూడు, నాలుగు కాపురాలున్న ఇళ్ల సంగతి ఇంకా అన్యాయం. జీడిమెట్ల, బాలానగర్ వైపు కార్మికులుండే గదులు, అశోక్‌నగర్, చిక్కడపల్లి వైపు కోచింగు పిల్లల గదులు చూడండి. ఇల్లంతటికీ కనెక్షను ఒకటే. తెలంగాణలో 2022లో ఖరారైన రేట్లు తీసుకుందాం. నెలకు 100 యూనిట్ల లోపు వాడిన ఇంటికి మొదటి 50 యూనిట్లు 1.95 రూపాయల చొప్పున, తర్వాతి 50 యూనిట్లు 3.10 చొప్పున. అదే 200 దాటిందంటే మొదటి యూనిట్ నుంచే 5.10, 200 పైన 300 దాకా 7.70. ఇప్పుడు మూడు కాపురాలు, ఒక్కొక్కరు 90 యూనిట్లు కాల్చారనుకోండి. విడివిడి మీటర్లుంటే ఒక్కో ఇంటికి కరెంటు ఖరీదు 221 రూపాయల 50 పైసలు, స్థిర చార్జీలూ అవీ కాకుండా. ముగ్గురూ ఒకే మీటరు మీద ఉంటే మొత్తం 270 యూనిట్లు, ఖరీదు 1,559 రూపాయలు, తలా 520 దాకా. వాడకం అదే, పొదుపు అదే, ఖర్చు మాత్రం రెండింతలు దాటింది. ఇంటాయన ఒక్క పైసా లాభం వేసుకోకపోయినా ఇది పరిస్థితి. ఆయన తన సబ్ మీటరు పెట్టి యూనిట్ పది రూపాయలంటే ఆ 90 యూనిట్లకు 900. పేదవాడికి ప్రభుత్వం తగ్గించి ఇచ్చే రేటు పేదవాడి దాకా రావడం లేదు, ఇంటాయన మీటరు దగ్గరే ఆగిపోతోంది. ఆంధ్రప్రదేశ్‌లో శ్లాబులు 30, 75, 125, 225, 400 యూనిట్ల దగ్గర మారతాయి, మొదటి రేటు 1.90, ఆఖరిది 9.75. విజయవాడలో ఒకే మీటరు మీద నాలుగు వాటాలున్నవాళ్ల గతి కూడా ఇంతే.

యూనిట్ రేటు పెంచాలంటే డిస్కం కూడా విద్యుత్ నియంత్రణ కమిషన్ ముందుకు వెళ్లాలి. కమిషన్ బహిరంగ విచారణ పెడుతుంది, ఎవరైనా వెళ్లి అభ్యంతరం చెప్పవచ్చు. ఈ ఊళ్లో కరెంటు చార్జీలు పెంచారని జనం రోడ్డెక్కారు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. యూనిట్ రేటంటే అంత పట్టింపు ఉన్న ఊరు. అలాంటి చోట ఒక ఇంటాయన ఏ కమిషన్నూ అడక్కుండా, ఏ విచారణా లేకుండా, తన ఇంట్లో యూనిట్ 12 రూపాయలని గోడ మీద రాసి పెట్టుకుంటే ఎవరూ ప్రశ్నించడం లేదు. 2003 విద్యుత్ చట్టం ప్రకారం కరెంటు పంపిణీ చెయ్యాలన్నా, వ్యాపారం చెయ్యాలన్నా లైసెన్సు ఉండాలి. ఇంటాయనకు ఆ లైసెన్సు ఎవరిచ్చారు?

చట్టం దగ్గరకు వచ్చాం కాబట్టి చెప్పాలి. మా రోజుల్లో అద్దెదారుకు ఇన్ని హక్కులు కాగితం మీద లేవు. ఇప్పుడున్నాయి, అవి చదివితే కడుపు నిండిపోతుంది. 2003 చట్టంలో సెక్షన్ 43 ప్రకారం కనెక్షను అడిగే హక్కు ఇంటి యజమానికే కాదు, ఆ ఇంట్లో ఉంటున్నవాడికి కూడా ఉంది. వినియోగదారు అంటే ఎవరో చెప్పే సెక్షన్ 2(15) బిల్లు మీద పేరున్నవాడితో ఆగలేదు, తన వాడకానికి కరెంటు అందుకుంటున్నవాడినీ కలుపుకుంది. 2022 మే నెలలో సుప్రీంకోర్టు దిలీప్ వర్సెస్ సతీశ్ కేసులో ఇంకా తేటగా చెప్పింది. కరెంటు కనీస సదుపాయం, ఇంటాయన నిరభ్యంతర పత్రం ఇవ్వలేదన్న సాకుతో అద్దెదారుకు కనెక్షను నిరాకరించకూడదు, దరఖాస్తు పెట్టినవాడు ఆ ఇంట్లో ఉంటున్నాడా లేదా అన్నదొక్కటే చూడాలి అని. 2024లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం మెట్రో నగరాల్లో కొత్త కనెక్షను 3 రోజుల్లో ఇవ్వాలి. ఇవన్నీ తెలిసి కరెంటాఫీసుకు వెళ్లిన అద్దెదారును అక్కడ మొదట అడిగేది "ఓనర్ దగ్గర లెటర్ తెచ్చారా?" అనే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడం లేదు.

అన్నిటికంటే నాకు కడుపు మండేది మీటరు ఫొటో గురించిన నిబంధన చూస్తే. 2020 డిసెంబరు ఆఖరున కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు తెచ్చింది. వరసగా రెండుసార్లు రీడింగుకు మీటరు అందకపోతే, వినియోగదారు తన ఫోన్లో మీటరు ఫొటో తీసి పంపవచ్చు, అప్పుడు ఉజ్జాయింపు బిల్లు వెయ్యకూడదు అని అందులో రాశారు. ఏడాదిలో రెండు ఉజ్జాయింపు బిల్లులకు మించి వెయ్యకూడదని, ఆపైన కూడా అలాగే వస్తే అసలు రీడింగు ప్రకారం బిల్లు ఇచ్చేదాకా కట్టను పొమ్మని చెప్పవచ్చని కూడా ఉంది. చక్కని నిబంధన. రాసినవాళ్లు ఒక్కటి మరిచిపోయారు, ఫొటో తియ్యాలంటే ముందు మీటరు కనబడాలి. గ్రిల్లుకు ఇంటాయన తాళం వేశాడు. రీడింగు మనిషి వచ్చి తాళం చూసి "డోర్ లాక్" అని కొట్టి సగటు బిల్లు వేసి పోతాడు. అద్దెదారు ఫొటో తియ్యలేడు. నాలుగు నెలలకు ఎవరో తాళం తీస్తారు, అప్పటిదాకా పోగుపడిన యూనిట్లన్నీ ఒక్కసారి మీద పడతాయి. ఆ మధ్యలో ఇల్లు మారి కొత్తవాళ్లు దిగితే, ముందున్నవాళ్లు కాల్చిన కరెంటు కూడా కొత్తవాళ్లదే. తన పేరున లేని బిల్లుకు, తను చూడని మీటరుకు, తను వాడని యూనిట్లకు డబ్బు కట్టే మనిషి ఏ హక్కుల నిబంధనల్లో ఉన్నాడో నాకు అర్థం కాదు.

2006లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ మీటర్ల గురించి చేసిన నియమాల్లో ఇంకో మంచి మాట ఉంది. మీటరును వినియోగదారు ఆవరణ బయట బిగిస్తే, ఆయన కోరినప్పుడు ఎంత కాలుతోందో ఎప్పటికప్పుడు చూపించే చిన్న డిస్‌ప్లే ఇంట్లో ఏర్పాటు చెయ్యాలని. ఇరవై ఏళ్లు కావస్తోంది. నేనెరిగిన ఒక్క ఇంట్లో కూడా అది లేదు.

గృహజ్యోతి పథకం వచ్చాక ఈ తాళం విలువ ఎంతో లెక్క తేలింది. 2024 మార్చి నుంచి తెలంగాణలో అర్హులైన ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. కిరాయికి ఉన్నవాళ్లకూ వర్తిస్తుందని ప్రభుత్వమే చెప్పింది. అయితే రేషన్ కార్డు, ఆధార్‌తో పాటు ఇంటి మీటరు కనెక్షను నంబరు ఇవ్వాలి. మీటరు ఎక్కడుందో తెలియనివాడు నంబరు ఎక్కడి నుంచి తెస్తాడు? బిల్లు కాగితం ఇవ్వని ఇంటాయన దగ్గరకు వెళ్లి "అయ్యా, నంబరు చెప్పండి" అని నిలబడాలి. చెప్పేవాళ్లు చెబుతారు, చెప్పనివాళ్లు "నీకెందుకు, నేను చూసుకుంటా" అంటారు. ఒకే మీటరు మీద మూడు కాపురాలున్న ఇంట్లో అందరి వాడకం కలిసి 200 దాటిపోతుంది కాబట్టి ఎవరికీ జీరో బిల్లు రాదు. 90 యూనిట్లు వాడే కూలి కుటుంబానికి రావలసిన ఉచిత కరెంటు, మీటరు విడిగా లేదన్న ఒక్క కారణంతో పోతోంది. పథకాలు పెట్టేవాళ్లు ముందు ప్రతి కాపురానికీ ఒక మీటరు పెట్టించాలి, ఆ తర్వాత ఎన్ని యూనిట్లు ఉచితమో ఆలోచించాలి.

ఇంటివాళ్ల మాటా విన్నాను. నా స్నేహితుల్లో ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు. "బిల్లు కట్టకుండా చెప్పాపెట్టకుండా పోతారండీ, బాకీ మా సర్వీసు మీద పడుతుంది" అంటారు. నిజమే, పడుతుంది. అందుకే కదా రెండు మూడు నెలల అడ్వాన్సు మీ దగ్గర పెట్టుకుంటున్నారు. "కనెక్షను వాళ్ల పేరు మీద ఇస్తే రేపు ఇల్లే తమదంటారు" అని ఇంకో భయం. కరెంటు బిల్లు చూపించి ఎవరూ ఇంటికి హక్కుదారు కాలేరు. సుప్రీంకోర్టు చూడమన్నది కూడా కాపురం ఉంటున్నారా అన్నదే, ఇల్లు ఎవరిదన్నది కాదు. ఈ భయాలన్నీ ఉన్నా సరే, మీటరుకు తాళం వెయ్యడానికి వాటిలో ఒక్కటి కూడా కారణం కాదు. చూసినంత మాత్రాన మీటరు అరిగిపోదు.

తాళం వెనక ఇంకో బెదిరింపు ఉంది. అద్దె పెంచనన్నా, ఖాళీ చెయ్యనన్నా, రాత్రికి రాత్రి ఫ్యూజు పీకే ఇంటివాళ్లు అన్ని కాలాల్లోనూ ఉన్నారు. బిల్లు బాకీ ఉన్నప్పుడు డిస్కం కూడా 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి తీరాలని సెక్షన్ 56 చెబుతుంది. ఇంటాయన ఒక్క నిమిషం ముందు కూడా చెప్పడు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలో సెక్షన్ 14 అద్దెదారు అనుభవిస్తున్న సదుపాయాలకు ఇంటాయన అడ్డుపడకూడదని ఖాయంగా చెప్పింది. అయితే 2005 సవరణ ప్రకారం కార్పొరేషన్ల పరిధిలో అద్దె నెలకు 3,500 రూపాయలు దాటిన ఇల్లు ఆ చట్టం కిందకే రాదు. ఇవాళ హైదరాబాదులో 3,500కి ఒంటి గది దొరుకుతుందా? ఆ అంకెను అక్కడే వదిలేసి, చట్టం ఉందిగా అనడం అద్దెదారులను మోసం చెయ్యడమే.

కొండాపూర్ ఫ్లాటు ఓనరు ఉండేది టెక్సాస్‌లో, డల్లాస్ దగ్గర. అక్కడ మా బంధువుల పిల్లలూ ఉన్నారు కాబట్టి ఆ ఊరి పద్ధతి నాకు తెలుసు. అద్దెకు దిగినవాళ్లు తమకు నచ్చిన కరెంటు కంపెనీని తామే ఎంచుకుని, తమ పేరు మీదే ఖాతా తెరుచుకుంటారు. ఏ రోజు ఎంత కాలిందో తమ ఫోన్లోనే చూసుకుంటారు. అక్కడ అద్దెకున్న రోజుల్లో ఆ సౌకర్యాన్ని అనుభవించిన మనిషే, ఇక్కడ తన ఫ్లాటులో ఉంటున్న పిల్లలకు మీటరు కనబడకుండా తాళం వేయించాడు. అక్కడ తనకు హక్కు అనిపించింది ఇక్కడ ఇంకొకరికి అక్కర్లేదనుకోవడం నాకు మింగుడు పడదు. స్మార్టు మీటర్లొస్తే ఇక్కడా అన్నీ ఫోన్లోనే కనబడతాయంటున్నారు. ఎవరి ఫోన్లో? సర్వీసుకు రిజిస్టరైన నంబరున్న ఫోన్లో. ఆ నంబరు ఇంటాయనదైతే గ్రిల్లు తాళం కాస్తా ఫోను తాళం అవుతుంది, అంతే తేడా.

అద్దెకు దిగబోయే పిల్లలకు ఈ ముసలివాడి మాట. అడ్వాన్సు చేతిలో పెట్టకముందే మీటరు చూపించమనండి. నీళ్లు వస్తాయా అని కుళాయి తిప్పి చూస్తారే, అలాగే. దిగిన రోజు రీడింగు ఫొటో తీసి, ఆ ఫొటోను ఇంటాయనకు పంపి, ఆ అంకెను అగ్రిమెంటులో రాయించండి. యూఎస్‌సీ నంబరు అడిగి తీసుకోండి. అది ఉంటే ఎవరూ బిల్లు పంపకపోయినా యాప్‌లో చూసుకోవచ్చు. ఆ మీటరు మీ ఇంటిదేనా అన్నది కూడా తేల్చుకోండి, అపార్టుమెంట్లలో వైర్లు తారుమారు కావడం అరుదేమీ కాదు. మా రోజుల్లో అందరికీ తెలిసిన పరీక్ష ఇది. ఇంట్లో మెయిన్ ఆపేసి ఒకరు మీటరు దగ్గర నిలబడాలి. చక్రం ఆగాలి. ఇప్పటి మీటర్లలో చక్రం లేదు, మిణుకుమనే ఎర్ర చుక్క ఉంది, అది ఆగాలి. ఆగకపోతే మీ మీటరు మీద ఇంకెవరో బతుకుతున్నారు. మీటరు మీదే అనుమానముంటే ఫిర్యాదు చెయ్యండి. కేంద్ర నిబంధనల 2024 సవరణ ప్రకారం డిస్కం 5 రోజుల్లో పక్కన ఇంకో మీటరు బిగించి, కనీసం మూడు నెలలు రెండింటినీ పోల్చి చూడాలి. 1912కి ఫోను చెయ్యండి, అక్కడ కాకపోతే వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక ఉంది, దాని పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. వేదిక ముందుకు వెళ్లడానికి వకీలు అక్కర్లేదు, ఒక అర్జీ చాలు. "సర్వీసు మీ పేరు మీద లేదు కదా" అని వెనక్కి పంపబోతే సెక్షన్ 2(15) చూడమని అర్జీలోనే రాయండి.

డిస్కంల పెద్దలకు ఒక విన్నపం. కొత్త అపార్టుమెంటుకు కనెక్షన్లు ఇచ్చేటప్పుడు ట్రాన్స్‌ఫార్మరుకు చోటుందా అని చూస్తున్నారు. మీటర్లు ఉన్న చోటికి ప్రతి ఫ్లాటువాళ్లూ వెళ్లి చదువుకునే వీలుందా అన్నది కూడా చూడండి. గాజు కిటికీ ఉన్న తలుపు పెడితే తాళం తియ్యాల్సిన పని కూడా ఉండదు.

ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లను వేడుకునేది ఒక్కటే. మీ మీటరు గదికి భద్రత కోసం తాళం వేసుకోండి, వద్దనను. తాళంచెవి ఒకటి వాచ్‌మన్ దగ్గర ఉంచండి. నెలకోసారి మీ అద్దెదారులు వచ్చి తమ అంకె తాము చూసుకుని పోనివ్వండి, బిల్లు కాగితం వాళ్ల చేతికి ఇవ్వండి.